గుడ్డ టాపు జీపులో శ్రీశైలం

శ్రీశైలం వెళ్ళివచ్చినవాళ్ళు నల్లమల అడవి గురించి చెబుతారు. కృష్ణ లోయ గురించీ, మల్లన్న దర్శనం గురించీ, పాతాళగంగ మెట్ల గురించీ చెబుతారు. తాము దర్శనం వరుసలో నిలబడి ఉండగా బయట బండిలో పెట్టిన సామాను ఎలా ఉన్నదో, దాని మీదికి తమ మనస్సు ఎన్నిసార్లు పరుగెత్తిందో మాత్రం ఎవరూ చెప్పరు. ‘చిత్తం శివుని మీద, భక్తి చెప్పుల మీద’ అన్న సామెత పుట్టిన దేశంలో ఈ సంగతి దాచవలసిన అవసరం లేదనుకుంటాను.

యాత్రికుడికీ సామానుకూ మధ్య ఈ పేచీ ఈనాటిది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, దారిలో శ్రీశైలం కూడా దర్శించి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరుకున్నారు. ‘కాశీయాత్ర చరిత్ర’ను ఏటా మా పిల్లలకు పరిచయం చేస్తూనే ఉంటాను. ఆయనకు పల్లకి ఉన్నది, బోయీలు ఉన్నారు, వెంట పెద్ద పరివారం ఉన్నది. ఆయన గుడిలోకి వెళితే మూటల దగ్గర కూర్చోవడానికి మనుషులు ఉండేవారు. మనకు బోయీలు లేరు. బండి ఉన్నది. మనం గుడిలోకి వెళితే బండి దగ్గర కూర్చునే మనిషి లేడు.

ఆ బండి ఇనుప టాపుదయితే తాళం వేసి వెళ్ళవచ్చు. మేము వెళ్ళింది మా మరిదిగారి జీపులో. దాని టాపు గుడ్డది.

జీపు ఇంటి ముందుకు రాగానే మా అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “ఒరే చిన్నాడా, ఇది బండా, పెళ్ళి పందిరా?” అన్నారు.

ఆవిడ మాటలో అబద్ధం లేదు. ఇనుప కమ్ములమీద కాన్వాసు పరిచి, పక్కలకు మెత్తని ప్లాస్టిక్కు కిటికీలు కుట్టి, వాటిని జిప్పులతోనూ పట్టీలతోనూ బిగించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో తయారైన మొదటి జీపుల స్వరూపం ఇంచుమించు ఇదే. వాటికి తలుపులైనా లేవు. మొదట్లో కొన్నిటికి తాళంచెవి ఉండేది కాని, తరువాత వచ్చినవాటికి అదీ తీసేశారు. మీట తిప్పి, కాలితో బొత్తాం తొక్కితే ఇంజను కదిలేది. యుద్ధభూమిలో తాళంచెవి కోసం జేబులు వెతుక్కునే వ్యవధి ఎవరికి ఉంటుంది? అంచేత ఎవరెక్కితే వారిదే జీపు. తొందరకోసం పుట్టిన బండి అది. భద్రతకోసం పుట్టలేదు. మన దేశంలో ఇటీవలి జీపు జాతి బండ్లు కొన్ని గుడ్డ టాపుతోనూ, గట్టి టాపుతోనూ రెండు రకాలుగా వచ్చాయి. 2020లో కొత్త రూపుతో వచ్చిన థార్ అలాంటిదే. గాలి కావాలనేవారు గుడ్డ టాపు కొన్నారు. మా మరిది గాలి మనిషి.

మాకు ఆ యాత్రలో రెండు పనులున్నవి. మొదటిది అత్తగారి ముడుపు. మామగారి కంటి ఆపరేషను సమయంలో ఆవిడ పసుపు గుడ్డలో రూపాయి కట్టి మల్లన్నకు మొక్కుకున్నారు. ఆ తరువాత ప్రతి సోమవారం ఒక రూపాయి చేరుస్తూ వచ్చారు. మామగారు ఇప్పుడు కళ్ళజోడు లేకుండా పేపరు చదువుతున్నారు. ముడుపు బరువెక్కింది. రెండవది మా అమ్మాయి కాలేజీ. కర్నూలులో సీటు వచ్చింది. మరునాడు ఉదయం అసలు సర్టిఫికెట్లు అప్పజెప్పాలి. పదవ తరగతి మార్కుల జాబితా, ఇంటర్మీడియటు జాబితా, బదిలీ పత్రం, కుల ధ్రువపత్రం అన్నీ ఒక నీలం రంగు ఫైలులో పెట్టాము. శ్రీశైలంలో మొక్కు తీర్చుకుని, దోర్నాల, ఆత్మకూరు మీదుగా సాయంకాలానికి కర్నూలు చేరాలని మా ఏర్పాటు. సత్రంలో గది తీసుకునే వ్యవధి లేదు. అంటే ఒక పూటంతా ఆ ఫైలు గుడ్డ టాపు కింద ఉండాలి.

ఈ రోజుల్లో మార్కుల జాబితాలు డిజిలాకరులో దొరుకుతవి. 2015లో వచ్చిన ఈ సదుపాయం ఎందరో తల్లుల గుండెదడ తగ్గించింది. కాని కాలేజీ గుమాస్తా ముందు నిలబడినప్పుడు ఆయన చెయ్యి చాచేది కాగితం కోసమే. ముఖ్యంగా బదిలీ పత్రం పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి ఎన్ని గడపలు ఎక్కాలో కాలేజీలో పనిచేసేదాన్ని కనుక నాకు తెలుసు.

“వదినా, నువ్వు బెంగపెట్టుకోకు. ముందు సామానును మూడు కుప్పలు చెయ్యి,” అన్నాడు మా మరిది. “పోతే మళ్ళీ కొనుక్కునేవి ఒక కుప్ప. పోతే బాధపడేవి ఒక కుప్ప. పోతే మళ్ళీ రానివి ఒక కుప్ప.”

దుప్పట్లు, నీళ్ళ సీసాలు, గొడుగు, పళ్ళు మొదటి కుప్పలో చేరాయి. పట్టుచీరెలు, మావారి కెమెరా రెండవ కుప్ప. ఫైలు మూడవది. ముడుపు ఏ కుప్పలోనూ చేరలేదు. అత్తగారు దాన్ని రొండిని దోపుకుని, పైన చీరె కుచ్చెళ్ళు సర్దుకున్నారు. “నా ముడుపుకు నేనే పెట్టెను,” అన్నారు.

గుడ్డ టాపు బండికి అసలైన భద్రత ఎక్కడున్నదో అప్పుడు చూశాను. వెనక సీటు కింద దళసరి ఉక్కు రేకుతో చేసిన పెట్టె ఒకటి ఉన్నది. దాన్ని బండి నేలకు నాలుగు బోల్టులతో బిగించారు. నట్లు పెట్టె లోపల ఉన్నవి. కనుక మూత తెరిస్తే తప్ప అవి ఊడవు. మూత బందులూ లోపలివే. తాళం కప్ప రేకు గూటిలో ముణిగి ఉంటుంది. కోసే కత్తెరకు కొక్కెం అందదు. పైన పాత జంపఖానా పరిచి ఉండడం వల్ల చూసేవారికి సీటు కింద ఏమీ లేనట్టే ఉంటుంది. పెట్టెలో పట్టని సూట్‌కేసు పిడిలోనుంచి గొలుసు దూర్చి సీటు కమ్మికి తాళం వేశాడు. కాన్వాసు కొయ్యడం సులభమే కాని, కోసినవాడు దొరికినదాన్ని పట్టుకుని పరుగెత్తాలి గదా. గొలుసు ఆ పరుగుకు అడ్డం.

“మరి జిప్పులకు తాళాలో?” అని మావారు అడిగారు.

“వెయ్యను.”

మేమంతా తెల్లబోయాము. మా మరిది చెప్పిన కారణం ఇది. గుడ్డకు తాళం వేస్తే దొంగ తాళం జోలికి రాడు. బ్లేడుతో గుడ్డ కోస్తాడు. కోసి లోపల చూస్తే పాత తువ్వాలు దొరుకుతుంది. దొంగకు దక్కేది తువ్వాలు, మనకు మిగిలేది చిరిగిన టాపు. కొత్త టాపు ఖరీదు ముందు ఆ తువ్వాలు ఎంత? అంచేత జిప్పు తెరవడానికి వీలుగా ఉంచి, ముందు అర కూడా తెరిచిపెట్టి, ‘నాయనా, ఇందులో ఏమీ లేదు, చూసుకుని వెళ్ళు’ అని బండి చేతనే చెప్పించాలట. తలుపులకు తాళం వెయ్యకపోవడం కూడా ఒక రకమైన తాళమని నేను వినడం అదే మొదలు.

తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాదు విడిచాము. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు దాటి, డిండి చెరువు గాలి తగిలేసరికి తెల్లవారింది. కాన్వాసు టపటప కొట్టుకుంటూంటే మాటలు వినిపించవు. కాని తూర్పు ఎరుపెక్కడం ఆ బండిలో కనిపించినట్టు అద్దాల కారులో కనిపించదు. ఆ సుఖం కోసమే మనుషులు ఈ అవస్థ పడతారు కాబోలు.

దారిలో ఒక హోటలు ముందు కాఫీకి ఆగాము. పక్కనే గట్టి టాపు కారు ఒకటి నిలిచి ఉన్నది. దాని వెనక పక్క అద్దం లేదు. సీటు మీదా నేల మీదా పటికబెల్లం ముక్కల్లాగా గాజు రాలి ఉన్నది. ఒక ఇల్లాలు అరుగు మీద కూర్చుని ఏడుస్తున్నది. వాళ్ళు ఇడ్లీలు తిని వచ్చేలోగా ఎవరో అద్దం పగులగొట్టి సీటు మీది చేతిసంచి ఎత్తుకుపోయారట. కూతురి పెళ్ళి నగలకు బయానా ఇవ్వవలసిన డబ్బు అందులో ఉన్నదట. నాలుగు తలుపులకూ తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నవి. అద్దం ఒక్కటి లేదు.

కారు పక్క అద్దాలను కాచి చల్లార్చి గట్టిపరుస్తారు. అరచేత్తో కొడితే చలించవు కాని, మొన ఉన్న వస్తువుతో ఒక మూల తగిలితే నిమిషంలో గుల్లవుతవి. పైగా లోపలిది బయటికి కనిపిస్తుంది. నల్ల ఫిల్ము అంటించుకుందామంటే 2012లో సుప్రీంకోర్టు దాన్ని నిషేధించింది. కనుక గట్టి టాపు కారుకు కూడా అద్దం మేరకు అది గుడ్డ టాపే. గుడ్డ టాపువాడికి తన బండి గుడ్డదని ఎల్లవేళలా గుర్తుంటుంది. గట్టి టాపువాడికి ఆ గుర్తు ఉండదు. తేడా అంతా అక్కడే ఉన్నదని నాకు తోచింది.

మా అత్తగారు ఆ ఇల్లాలి పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగించారు. మావారు ఆ ఇంటాయనను తీసుకుని పోలీసు స్టేషనుకు ఫోను కలిపారు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో, మనుషులనో సరుకులనో తీసుకువెళ్ళే వాహనంలోని వస్తువును దొంగిలిస్తే ఏడేళ్ళ వరకూ శిక్ష ఉన్నది. అంతకు ముందు అలాంటి చోరీ మామూలు దొంగతనం కిందనే పోయేది. దానికి మూడేళ్ళే. చట్టానికి గుడ్డ టాపనీ రేకు టాపనీ భేదం లేదు. భేదమల్లా భీమా దగ్గర. మామూలు వాహన భీమా బండికీ, బండికి బిగించిన వాటికీ వర్తిస్తుంది. సీటు మీది చేతిసంచికి వర్తించదు. సొంత వస్తువులకు వేరే రుసుము కట్టి అదనపు భీమా తీసుకోవాలి. అప్పుడైనా పోలీసు ఫిర్యాదు ప్రతి లేనిదే పని జరగదు.

మన్ననూరు దగ్గర అడవి తనిఖీ ద్వారం దాటాము. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకూ ఈ దారిన బండ్లను పోనివ్వరు. ఆ వేళ అడవి పులులది. పగలు మాత్రం కోతులది. వటవర్లపల్లి దాటి ఒక మలుపులో కృష్ణ వైపు లోయ చూడడానికి దిగామో లేదో, ఒక కోతి జీపు మీదికి దూకి, పక్క కిటికీ జిప్పు ముక్కును పట్టుకుని లాగింది. అలవాటైన చెయ్యి. అరటిపళ్ళ సంచి తీసుకుని చెట్టెక్కి, మా ఎదుటనే ఒలుచుకుని తిన్నది. సంచి విసిరేసింది.

“చూశావా వదినా, దానికి వాసన తగిలింది కనుక వచ్చింది. దొంగకు కంటితో చూడ్డమే వాసన,” అన్నాడు మా మరిది.

అక్కడనే బండిలో సామానంతా ఒకసారి సర్దాడు. ఫోను తీగ తీసి జేబులో పెట్టుకున్నాడు. తీగ కనిపిస్తే దానికి తగిలించే ఫోను ఎక్కడో ఉన్నదని అర్థమట. కెమెరా, చీరెలు, ఫైలు ఉక్కు పెట్టెలోకి పోయినవి. శ్రీశైలం ఇంకా దూరమున్నదిగదా, అక్కడ చెయ్యవచ్చును గదా అన్నాను.

“అక్కడ మనం పెట్టెలో పెడుతూంటే నలుగురు చూస్తారు. దాచడం ఎప్పుడూ దారిలోనే జరగాలి. దిగే చోట దిగి వెళ్ళిపోవడమే,” అన్నాడు.

దోమలపెంట దాటి, ఈగలపెంట దాటి, డ్యాము కనిపించేసరికి కొండ మలుపుల్లో అందరికీ కళ్ళు తిరుగుతున్నవి. 1963 జూలైలో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన డ్యాము అది. సున్నిపెంట మీదుగా మళ్ళీ పైకెక్కి క్షేత్రం చేరాము. పూర్వం ఈ కొండకు కాలినడకే గతి. ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించి యాత్రికుల పుణ్యం మూటగట్టుకున్నాడు. మేము బండి నిలిపే చోటు వెతుక్కుంటూ తిరిగాము.

ఆ వెతకడంలోనూ ఒక పద్ధతి ఉన్నది. మూలగా, నీడగా, ఏకాంతంగా ఉన్న చోటు మావారికి నచ్చింది. మా మరిది మాత్రం పూల దుకాణం ఎదురుగా, ఎండలో, జనం తిరిగే చోట, వెనక భాగం గోడకు ఆనించి నిలిపాడు. ఏకాంతం మనకు ఎంత ఇష్టమో దొంగకు అంతకంటె ఇష్టం. పూలు అమ్మే ఆవిడ దగ్గర నాలుగు మూరల మల్లెలు కొని, “కాస్త కనిపెట్టి ఉండమ్మా, దర్శనమయ్యాక మళ్ళీ పూలు తీసుకుంటాము,” అన్నాడు. ఆవిడ నవ్వి తల ఊపింది.

సెల్‌ఫోన్లు లోపలికి తీసుకుపోకూడదు. వాటిని అప్పగించి చీటీ తీసుకున్నాము. ఫైలు కూడా సామాను గదిలో ఇద్దామంటే ఆనాడు అక్కడి వరుస దర్శనం వరుసకంటె పొడుగ్గా ఉన్నది. చేతిలో పట్టుకుని వెళదామంటే జనసమ్మర్దం, తడి నేల, చెమట. చివరికి ఉక్కు పెట్టెకే ఓటు పడింది.

దేవాలయ ప్రాకారం చుట్టూ రాతిలో చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు వరుసకట్టి నడుస్తూంటారు. ఎప్పుడు వచ్చినా వాటి ముందు ఆగి చూడడం నాకు అలవాటు. ఆరోజు ఏనుగులు కనిపించలేదు. నీలం ఫైలు కనిపించింది. వరుస ఒక్కొక్క అడుగే జరుగుతూంటే, కోసిన కాన్వాసూ, ఖాళీ పెట్టే, కర్నూలులో గుమాస్తా ముఖమూ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు తిరిగినవి. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, “అమ్మా, నా సర్టిఫికెట్ల కంటె నువ్వే ఎక్కువ భయపడుతున్నావు,” అన్నది. అది పదిహేడేళ్ళ పిల్ల. బదిలీ పత్రం విలువ దానికేం తెలుసు?

మల్లన్న ముందు అత్తగారు రొండినుంచి ముడుపు తీసి, కళ్ళకద్దుకుని, హుండీలో వేశారు. నాణేల చప్పుడు వినిపించింది. ఆవిడ రెండు చేతులూ చాపి, ఖాళీగా ఉన్న అరచేతులను ఒకసారి చూసుకున్నారు. ఆ ముఖంలో వచ్చిన తేలిక నేను ఇంతవరకు చూడలేదు. ఆ క్షణంలో నాకు కూడా ఫైలు గుర్తు లేదు.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పూల దుకాణం మూసి ఉన్నది. ఆవిడ భోజనానికి వెళ్ళిందట. జీపు పక్క కిటికీ జిప్పు సగం వరకూ తెరిచి ఉన్నది. ఈసారి కోతి కాదు. ముందు అరలోని కాగితాలు సీటు మీద పరిచి ఉన్నవి. దుప్పట్లు విప్పి చూశారు. జంపఖానా పక్కకు లాగి ఉన్నది. పెట్టె తాళం గూటి అంచున కొత్తగా ఇనుము గీసుకున్న గీతలు రెండు తళతళలాడుతున్నవి. నాకు కాళ్ళలో సత్తువ పోయింది. మా మరిది తాళంచెవి తిప్పి మూత ఎత్తాడు. చీరెలు, కెమెరా, వాటి కింద నీలం ఫైలు. మా అమ్మాయి దాన్ని తీసుకుని గుండెకు హత్తుకున్నది. అప్పటిదాకా నవ్విన పిల్ల ఒక్కసారిగా ఏడ్చింది.

పోయింది గొడుగు ఒక్కటే. కాన్వాసుకు చిన్న గాటు కూడా పడలేదు. తెరవగలిగిన దాన్ని కోసే శ్రమ ఎవరు పడతారు?

పూలావిడ తిరిగివచ్చి సంగతి విని నొచ్చుకున్నది. “అన్నం తినొచ్చేలోపల ఇంత జరిగిందా తల్లీ,” అని పూలకు డబ్బు తీసుకోనన్నది. ఆవిడ లేని వేళ చూసి వచ్చినవాడికి ఆవిడ ఉన్న వేళ రావడానికి ధైర్యం లేకపోయిందనే గదా అర్థం! మా మరిది బలవంతాన డబ్బు చేతిలో పెట్టాడు.

దోర్నాల దారిలో సాక్షి గణపతి దగ్గర ఆగాము. శ్రీశైలం వచ్చినవారి హాజరు ఆయన చేతిలోని పుస్తకంలో రాసుకుంటాడని నమ్మకం. అత్తగారు అందరి పేర్లూ గోత్రాలూ చెప్పి, చివర, “స్వామీ, గొడుగు తీసుకున్నవాడి పేరు కూడా రాసుకో. వానాకాలం వస్తున్నది, వాడికీ అవసరమే,” అన్నారు. అందరం నవ్వాము. ఆవిడ నవ్వలేదు.

ఆత్మకూరు వైపు అడవి దారిలో ఆవిడ ఒక్కరే హాయిగా నిద్రపోయారు. మిగిలిన నలుగురం వంతులవారీగా ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాము.

మరునాడు కర్నూలులో గుమాస్తా కాగితాలన్నీ ఒక్కొక్కటే సరిచూసి, రసీదు రాసి ఇచ్చి, ఫైలును తన వెనక ఉన్న ఇనుప బీరువాలో పెట్టాడు. మా మరిది మెడ చాచి, “సార్, ఆ బీరువా నేలకు బిగించిందేనా?” అని అడిగాడు. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, “ఎందుకండీ?” అన్నాడు. మావారు తమ్ముడి రెక్క పట్టుకుని బయటికి లాక్కువచ్చారు.

రసీదు నా చేతిసంచిలో పెట్టుకోబోతే అత్తగారు ఆపారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, తన పసుపు గుడ్డ పీలిక ఒకటి చుట్టి, “రొండిని దోపుకో,” అన్నారు. హైదరాబాదు చేరేదాకా అది అక్కడనే ఉన్నది.